సిమెంట్ కర్బనం: కిల్న్ దగ్గర ఎంత తగ్గుతుంది, బస్తాలో ఎంత తగ్గుతుంది?

నాపరాయి_యర్రగుంట్ల

అందరికీ నమస్తే. మాది యర్రగుంట్ల, హైస్కూల్లో సైన్స్ చెప్తాను. సున్నపురాయిని వేడి చేస్తే పొడి సున్నం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయని క్లాసులో చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, “మేడమ్, మన ఫ్యాక్టరీలన్నీ సోలార్ కరెంటుతో నడిపినా ఈ గ్యాస్ వస్తుందా?” అని అడిగింది. వస్తుందనే చెప్పాను.

అప్పటి నుంచి అసలు లెక్క తెలుసుకోవాలని ఉంది. సోలార్ పెట్టాం, వేస్ట్ హీట్‌తో కరెంటు తీస్తున్నాం, చెత్తను ఇంధనంగా వాడుతున్నాం అని ఫ్యాక్టరీల గేట్ల దగ్గర బోర్డులు పెడుతున్నారు. ఇవన్నీ కలిపితే టన్ను సిమెంట్‌కి ఎంత తగ్గుతుంది? మిగిలింది ఎలా తగ్గాలి? ఇక్కడ ప్లాంట్లలో పనిచేసేవాళ్లు, సైట్ల మీద ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అనుభవం నుంచి చెప్పండి.

కిల్న్_షిఫ్ట్

మేడమ్, నేను సూర్యాపేట జిల్లా వైపు ఒక ప్లాంట్‌లో ప్రాసెస్ డిపార్ట్‌మెంట్‌లో చేస్తున్నాను. ఆ అమ్మాయి అడిగింది సిమెంట్ పరిశ్రమకి అసలైన ప్రశ్న.

100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గ్యాస్‌గా పోతుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలో అయినా, మా కిల్న్‌లో, అంటే సిమెంట్ కొలిమిలో అయినా ఇదే లెక్క. మంట దేనితో పెట్టినా మారదు. కిల్న్‌లోంచి ఉండలుగా బయటికొచ్చేదాన్ని క్లింకర్ అంటాం, దాన్ని పొడి చేస్తేనే సిమెంట్. క్లింకర్‌లో సున్నం 65 శాతం దాకా ఉంటుంది కాబట్టి టన్ను క్లింకర్‌కి రాయి నుంచే 510 నుంచి 530 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు, పెట్‌కోక్ (పెట్రోలియం శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం) కాల్చినందుకు ఇంకో 300 కిలోలు అటూఇటూగా వస్తుంది. మొత్తం 820 అనుకోండి. కరెంటు దీనికి అదనం: మిల్లులు, ఫ్యాన్లు, కన్వేయర్లు అన్నీ కలిపి టన్ను సిమెంట్‌కి 70–80 యూనిట్లు పడుతుంది. గ్రిడ్ కరెంటైతే అది 50–60 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది.

సోలార్, వేస్ట్ హీట్ రెండూ ఈ చివరి 50–60 కిలోల మీదే పనిచేస్తాయి. ప్రీహీటర్ (రాయి పొడిని కిల్న్‌లోకి పోకముందే వేడి చేసే టవర్) నుంచి 300 డిగ్రీల పైన బయటికి పోయే గాలిని, క్లింకర్‌ని చల్లార్చే కూలర్ నుంచి వచ్చే వేడి గాలిని బాయిలర్‌లోకి తిప్పి ప్లాంటుకి కావాల్సిన కరెంటులో పావు వంతు, ఒక్కోచోట ఇంకొంచెం ఎక్కువే తీస్తారు. మంచి పనే, పెట్టిన డబ్బు తిరిగొస్తుంది కూడా. అందుకే అందరూ ముందు అదే చేశారు. కానీ పెద్ద వాటా అక్కడ లేదు.

మంట ఖర్చు తగ్గించడంలో మన దేశం వెనకబడి లేదు. మన కొత్త ప్లాంట్లు కిలో క్లింకర్‌కి 700–750 కిలో కేలరీలతో నడుస్తున్నాయి. సిద్ధాంతం ప్రకారమే 420 దాకా తప్పదు. ఇంకా పిండితే వచ్చేది కొద్దిగానే. రాయి నుంచి వచ్చే ఆ 520 కిలోలను ముట్టుకోవాలంటే నాకు తెలిసి రెండే దారులు. క్లింకర్ తక్కువ వాడాలి, లేదా గ్యాస్‌ని పట్టుకుని ఎక్కడో దాచాలి.

సైట్_మీద_గుంటూరు

కిల్న్_షిఫ్ట్ గారి లెక్కని నేను బస్తాలోకి తెస్తాను. క్లింకర్‌కి 820 కిలోలు అనుకుని వేసుకున్న అంచనాలివి, కరెంటు కలపలేదు.

ఓపీసీ, అంటే బూడిద, స్లాగ్ కలపని మామూలు సిమెంట్. దాని 53 గ్రేడ్ 50 కిలోల బస్తాలో క్లింకర్ 90 శాతం పైనే. అంటే సుమారు 38 కిలోల కార్బన్ డయాక్సైడ్. పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంట్‌లో భారతీయ ప్రమాణం ఐఎస్ 1489 ప్రకారం ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంట్ల బూడిద) 15 నుంచి 35 శాతం దాకా కలపొచ్చు. క్లింకర్ 65 శాతం అనుకుంటే 27 కిలోలు. స్లాగ్ సిమెంట్‌లో ఐఎస్ 455 ప్రకారం ఉక్కు కొలిమి స్లాగ్, అంటే చిట్టెం, 70 శాతం దాకా వెళ్లొచ్చు. 60 శాతం స్లాగ్ ఉన్న బస్తా అయితే 15 కిలోల లోపే.

మామూలు ఇంటికి చదరపు అడుగుకి 0.4 బస్తా అని సైట్ల మీద లెక్కేస్తాం. వెయ్యి అడుగుల ఇంటికి 400 బస్తాలు. మొత్తం ఓపీసీతో కట్టే బదులు పీపీసీతో కడితే నాలుగు టన్నులకు పైగా తగ్గుతుంది. ఇంటి ఓనరు దానికోసం ఒక్క రూపాయి అదనంగా పెట్టక్కర్లేదు, పీపీసీ బస్తా ధర కొంత తక్కువే ఉంటుంది. అయినా సిమెంట్ షాపుకి వెళ్తే “స్లాబ్‌కి 53 గ్రేడే తీసుకోండి” అంటారు. నా బాధంతా అదే.

పల్నాడు_పొలం

మీరు కర్బనం గురించి మాట్లాడుతున్నారు. మాకు కంటికి కనిపించేది దుమ్ము. మా మిరప చేను ఫ్యాక్టరీకి పడమర వైపు ఉంది. కొన్ని రాత్రులు తెల్లారేసరికి ఆకుల మీద బూడిద రంగు పొర ఉంటుంది, మంచు పడిన రోజైతే అది అట్టలా అంటుకుపోతుంది. ఫిర్యాదు చేస్తే “మెషీన్ ట్రిప్ అయింది, సరిచేశాం” అంటారు. క్వారీలో బ్లాస్టింగ్, బోర్లలో నీళ్లు కిందికి పోవడం వేరే సంగతి. గ్రీన్ అని బోర్డు పెట్టే ముందు చుట్టుపక్కల ఊళ్ల సంగతి చూడాలి కదా. కార్బన్ తగ్గితే మాకు ఈ దుమ్ము కూడా తగ్గుతుందా? సూటిగా చెప్పండి.

కిల్న్_షిఫ్ట్

అన్నా, సూటిగానే చెప్తాను. దానంతట అది తగ్గదు. ఒక్కోసారి పెరిగే ప్రమాదం కూడా ఉంది. ఎందుకో చెప్పాలంటే చెత్త కాల్చే సంగతి వివరంగా చెప్పాలి.

మున్సిపల్ చెత్తలోంచి ప్లాస్టిక్, గుడ్డలు, కాగితం వేరుచేసి ముక్కలు చేసి ఆర్‌డీఎఫ్ అనే ఇంధనంగా పంపిస్తారు. టైర్ల ముక్కలు, ఫార్మా కంపెనీల వ్యర్థాలు కూడా వస్తాయి. కిల్న్‌లో మంట 2000 డిగ్రీల దాకా ఉంటుంది, మెటీరియల్ 1450 డిగ్రీలకు చేరుతుంది, బూడిద క్లింకర్‌లోనే కలిసిపోతుంది. డంపింగ్ యార్డులో తగలబడే దానికంటే ఇక్కడ కాలడం వెయ్యి రెట్లు నయం. జర్మనీలో సిమెంట్ ప్లాంట్ల వేడిలో మూడింట రెండు వంతులకు పైగా ఇలాంటి ఇంధనాల నుంచే వస్తోంది. మనం ఇంకా చాలా దూరంలో ఉన్నాం.

ఇబ్బంది ఎక్కడంటే మన చెత్త తడిగా ఉంటుంది. ఒక లోడు పొడిగా, ఇంకో లోడు వానలో నానిన బొంతలా వస్తుంది. పొడి లోడు ఒక్కసారిగా కాల్సినర్‌లో (కిల్న్‌కి ముందు ఇంధనం కాల్చే గదిలో) పడితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ ఎగబాకుతుంది. ప్లాంట్‌లో దుమ్ము పట్టడానికి ఈఎస్‌పీ, అంటే కరెంటు పలకలతో దుమ్ము లాగే యంత్రం ఉంటే, లోపల కరెంటు స్పార్క్‌లు వస్తుంటాయి కాబట్టి ఆ గ్యాస్ పేలకుండా ఈఎస్‌పీ తనంతట తానే ఆగిపోతుంది. ఆగిన ఆ కాసేపూ దుమ్ము నేరుగా చిమ్నీలోంచి బయటికొస్తుంది. మీరు తెల్లారి చూసే పొర అలాంటి ట్రిప్‌దే అయ్యుండొచ్చు. గుడ్డ సంచులతో దుమ్ము వడగట్టే బ్యాగ్ ఫిల్టర్ ఉన్న ప్లాంట్‌లో ఇలా జరగదు. కాబట్టి చెత్త ఇంధనం పెంచుతున్నాం అని ప్లాంట్ వాళ్లు పబ్లిక్ హియరింగ్‌లో చెప్పినప్పుడు మీ ఊరివాళ్లు అడగాల్సింది ఒకటుంది: మెయిన్ చిమ్నీకి ఉన్నది ఈఎస్‌పీనా, బ్యాగ్ ఫిల్టరా? ఈఎస్‌పీ అయితే నెలకి ఎన్ని ట్రిప్పులు?

రెండో ఇబ్బంది మాకు. చెత్తలో పీవీసీ ఉంటే క్లోరిన్ వస్తుంది. అది కిల్న్‌కీ ప్రీహీటర్‌కీ మధ్య ఆవిరై తిరుగుతూ, చల్లబడిన చోట జిగురులా పేరుకుంటుంది. ప్రీహీటర్ అడుగున ఉండే సైక్లోన్ (గరాటులాంటి పాత్ర) కోన్‌లో మెటీరియల్ కట్టిపోతే కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ప్రెజర్ రీడింగ్ పడిపోతుంది. వెంటనే ఫీడ్ ఆపాలి. అప్పుడు అల్యూమినియం పూత సూట్ వేసుకుని, పోక్ హోల్ తెరిచి, పొడవాటి గాలి పైపుతో పొడవాలి. లోపల మెటీరియల్ 800 డిగ్రీల పైన ఉంటుంది. అది ఒక్కసారిగా విరిగి కిందికి జారితే నీళ్లలా ప్రవహిస్తుంది, పక్క రంధ్రాల్లోంచి బయటికి చిమ్ముతుంది. ఈ పనిలో మనుషులు కాలిపోయిన ప్రమాదాలు పరిశ్రమలో జరిగాయి. చెత్త ఇంధనం శాతం పెంచండి అని పైనుంచి టార్గెట్ ఇచ్చేవాళ్లు దానితోపాటే క్లోరిన్‌ని బయటికి తీసే బైపాస్‌కీ, పేరుకున్నదాన్ని గాలితో కొట్టే ఎయిర్ బ్లాస్టర్లకీ, చెత్తను ముక్కలు చేసే మంచి ష్రెడ్డర్‌కీ డబ్బు ఇవ్వాలి. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

పల్నాడు_పొలం

అర్థమైంది తమ్ముడూ, ట్రిప్పుల లెక్క తప్పకుండా అడుగుతాం.

ఇంకో మాట. మా వైపు ప్రతి ఏడూ పత్తి తీశాక కట్టెను చేలోనే పెట్టి కాల్చేస్తాం. మిరప కట్టె కూడా అంతే. ఊరు ఊరంతా పొగ. ఆ పక్కనే ఫ్యాక్టరీ బయటి నుంచి బొగ్గు తెప్పించుకుని కాలుస్తుంది. ఈ కట్టె కొనుక్కోవచ్చు కదా?

కిల్న్_షిఫ్ట్

కొనొచ్చు. కొన్ని ప్లాంట్లు ఊక, రకరకాల పంట వ్యర్థాలు వాడుతున్నాయి కూడా. పంట నుంచి వచ్చిన కర్బనం మళ్లీ పంటలోకే పోతుంది కాబట్టి లెక్కల్లో దాన్ని సున్నాగా చూస్తారు. టైరు కాలిస్తే ఆ వెసులుబాటు పూర్తిగా రాదు.

అడ్డు వచ్చేది రవాణా. పత్తి కట్టె బరువు తక్కువ, చోటు ఎక్కువ. లారీ నిండినట్టు కనిపిస్తుంది కానీ కాటా మీద నాలుగైదు టన్నులు కూడా తూగదు. చేల దగ్గరే ష్రెడ్ చేసి బేళ్లు కట్టాలి. వచ్చేది కొద్ది నెలలే, ఆ తర్వాత ఏడాది పొడవునా నిలవ ఉంచాలి, నిప్పు భయం. మిరప, పత్తి కట్టెలో పొటాషియం కూడా ఉంటుంది, అది సైక్లోన్‌లో పేరుకుంటుంది కాబట్టి కొద్ది శాతమే వేయగలం. ఒక రైతు సంఘం ష్రెడ్డర్ పెట్టుకుని టన్ను ఇంత అని రేటు మాట్లాడుకుంటే మాత్రం మా పర్చేజ్ వాళ్లు కాదనరు. బొగ్గు కేలరీ రేటుతో పోల్చి కొంటారు.

ఆడిట్_హైదరాబాద్

నేను ఎనర్జీ ఆడిట్లు చేస్తాను. రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను.

2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆర్‌డీఎఫ్ ప్లాంటుకి 100 కిలోమీటర్ల లోపు ఉండి ఘన ఇంధనం వాడే పరిశ్రమలు కనీసం 5 శాతం ఇంధనం దాని నుంచి తీసుకోవాల్సి ఉండేది. కాగితం మీద బాగుంది, తడి చెత్త వల్ల అమలు అంతంతమాత్రంగానే జరిగింది.

అంతకంటే ముఖ్యమైనది కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్. 2023లో నోటిఫై చేశారు. 2025 అక్టోబర్‌లో ఉద్గారాల తీవ్రత లక్ష్యాల రూల్స్ వచ్చాయి. అల్యూమినియం, సిమెంట్, క్లోర్ ఆల్కలీ, కాగితం కలిపి 282 యూనిట్లకు లక్ష్యాలు ఇస్తే అందులో 186 సిమెంట్ ప్లాంట్లే. 2023–24ని ఆధారంగా తీసుకుని 2025–26, 2026–27 సంవత్సరాలకి టన్ను ఉత్పత్తికి ఇంత అని పరిమితి పెట్టారు. అంతకంటే బాగా చేసినవాళ్లకి సర్టిఫికెట్లు వస్తాయి, చేయలేనివాళ్లు కొనుక్కోవాలి. పాత పాట్ స్కీమ్ టన్నుకి ఎంత ఎనర్జీ వాడారన్న దాని మీద ఉండేది, ఇది నేరుగా గ్రీన్‌హౌస్ వాయువుల మీద. క్లింకర్ తగ్గించిన ప్లాంటుకి ఇందులో లాభం కనిపిస్తుంది.

లోపం ఒకటుంది. ఇది టన్నుకి ఎంత అని మాత్రమే చూస్తుంది, మొత్తం ఎంత అని చూడదు. దేశంలో ఏటా 40 కోట్ల టన్నులకు పైనే సిమెంట్ తయారవుతోంది, కొత్త కిల్న్‌లు ఇంకా వస్తున్నాయి. తీవ్రత కాస్త తగ్గి ఉత్పత్తి పెరిగితే గాలిలోకి పోయేది పెరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఓపీసీకీ, స్లాగ్ సిమెంట్‌కీ ఒకటే రేటు. తక్కువ క్లింకర్ ఉన్న బస్తాకి ఇంకో మెట్టు తగ్గించి ఉంటే షాపు దగ్గరే మార్పు మొదలయ్యేది. ఆ అవకాశం వాడుకోలేదు.

తాపీ_మేస్త్రి_ఒంగోలు

అయ్యా, ఇంజనీరు గారు షాపువాళ్లని అంటున్నారు. మా మాట కూడా వినండి. మేం 53 అడిగేది మొండితనంతో కాదు. స్లాబ్ పోశాక సెంట్రింగ్ రేకులకీ జాకీలకీ రోజు లెక్కన అద్దె. ఓనరు రెండో రోజు నుంచే “ఎప్పుడు విప్పుతారు” అంటాడు. ఆ సామాను ఇంకో సైట్‌కి పోవాలి. బూడిద సిమెంట్ మెల్లగా పట్టు ఇస్తుంది. నేను తొందరపడి విప్పితే స్లాబ్ జారినా పగిలినా మేస్త్రి తల మీదకే వస్తుంది, సిమెంట్ కంపెనీ రాదు.

ఇంకోటి, నీళ్లు. పోసింది మేమే అయినా తడిపేది ఓనరు మనిషి. మే నెలలో పొద్దున ఒకసారి పైపు పెట్టి వెళ్లిపోతారు, మధ్యాహ్నానికి స్లాబ్ మీద కాలు పెట్టలేం. అలాంటిచోట బూడిద సిమెంట్ వాడితే పైన పొర పొడిపొడిగా లేస్తుంది. అప్పుడు తిట్టేది ఎవరిని?

సైట్_మీద_గుంటూరు

మేస్త్రి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. అసలు సమస్య సెంట్రింగ్ అద్దె దగ్గరే ఉంది. టన్నుల కొద్దీ కర్బనం అక్కడ నిర్ణయమవుతోంది.

అంకెలు చూడండి. 53 గ్రేడ్ ఓపీసీకి 3 రోజులకు కనీసం 27, 28 రోజులకు 53 మెగాపాస్కల్స్ బలం రావాలి. పీపీసీకి 3 రోజులకు 16, 28 రోజులకు 33 వస్తే చాలు అంటుంది ప్రమాణం. మార్కెట్‌లో మంచి పీపీసీ 28 రోజులకు దీనికంటే చాలా ఎక్కువే ఇస్తుంది, ఆ తర్వాత కూడా పెరుగుతూ ఉంటుంది. సున్నంతో బూడిద జరిపే చర్య నిదానం. మొదటి వారం వెనకబడుతుంది, మూడు నెలలకి పట్టేసుకుంటుంది. ఇంటి స్లాబ్‌కి పూర్తి బరువు ఎప్పుడు పడుతుంది? గోడలు, ఫ్లోరింగ్, సామాను అన్నీ వచ్చేసరికి నెలలు గడుస్తాయి. మొదటి వారం బలం కావాల్సింది రేకులు విప్పడానికి మాత్రమే.

ఐఎస్ 456లో స్లాబ్ కింద జాకీలు నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్‌కి 7 రోజులు, ఆ పైన 14 రోజులు ఉంచాలని ఉంది. అది ఓపీసీకి చెప్పింది. పీపీసీ అయితే 7 బదులు 10–14 రోజులు ఉంచితే భయం లేదు. ఆ అదనపు వారం అద్దె ఎంతో, పీపీసీ వల్ల బస్తాల మీద మిగిలేది ఎంతో పక్కపక్కన రాసి ఓనరుకి చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. నేను అలా ఒప్పించిన ఇళ్లు ఉన్నాయి.

ఓపీసీ అమ్మకమంతా తప్పని కూడా నేను అనను. ఆర్‌ఎంసీ, అంటే రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంట్లు ఓపీసీ కొని, ఫ్లై యాష్, స్లాగ్ తామే కొలిచి కలుపుకుంటాయి. అక్కడ ల్యాబ్ ఉంటుంది కాబట్టి అది ఇంకా మంచి పద్ధతి. నా గొడవ ఇంటి గోడ ప్లాస్టరింగ్‌కి కూడా 53 గ్రేడ్ వాడే అలవాటుతో. ప్లాస్టరింగ్‌కి ఓపీసీ త్వరగా బిగిసి సన్న పగుళ్లు ఎక్కువ వస్తాయి, పీపీసీ నున్నగా వస్తుంది. ఈ విషయం మేస్త్రి గారికే బాగా తెలుసు.

తాపీ_మేస్త్రి_ఒంగోలు

ప్లాస్టరింగ్‌కి పీపీసీయే మేలు, నేను అదే వాడతాను. మాలు చేతికి బాగా వస్తుంది, రాపుడు తేలిక. స్లాబ్ సంగతి, అద్దె ఓనరు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇంకొకటి చెప్పాలి. చాలా సైట్లలో కలిపేటప్పుడు జారుగా రావాలని నీళ్లు ఇష్టం వచ్చినట్టు పోస్తారు. పల్చబడిందని ఇంకో బస్తా వేస్తారు. మిక్సర్ దగ్గర నీళ్ల డబ్బాకి కొలత ఉంటే చాలా బస్తాలు మిగులుతాయి.

సైట్_మీద_గుంటూరు

ఈ మాట ప్రతి సైట్ బోర్డు మీదా రాయాలి మేస్త్రి గారూ. వాడని బస్తాకి కర్బనం సున్నా.

నాపరాయి_యర్రగుంట్ల

చాలా నేర్చుకుంటున్నాను. ఒక సందేహం. మా పక్కనే ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది, అక్కడి బూడిద మా సిమెంట్ ఫ్యాక్టరీలకి వస్తుంది. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని బూడిద కోసం ఇప్పుడు లారీల వాళ్ల మధ్య గొడవలు పేపర్లకెక్కుతున్నాయి. రేపు బొగ్గు కరెంటు తగ్గితే ఈ బూడిద ఎక్కడి నుంచి వస్తుంది?

రీసెర్చ్_చెన్నై

మేడమ్, సరైన చోట అడిగారు. ఇప్పటికిప్పుడు కొరత లేదు. దేశంలో ఏటా 30 కోట్ల టన్నులకు పైగా బూడిద వస్తోంది, థర్మల్ ప్లాంట్ల బూడిద చెరువుల్లో పడి ఉన్నది వేరే. అయితే అందరికీ దగ్గర్లో దొరకదు, నాణ్యత కూడా ఒకేలా ఉండదు. స్లాగ్ మాత్రం ఇప్పటికే దాదాపు అంతా అమ్ముడుపోతోంది. విశాఖ ఉక్కు, బళ్లారి దగ్గర తోరణగల్లు కొలిమిల నుంచి ఎంత వస్తే అంతే. ఉక్కు పరిశ్రమ బ్లాస్ట్ ఫర్నేస్‌లు వదిలేస్తే అదీ తగ్గుతుంది.

అందుకే మేం ఎల్‌సీ3 అనే సిమెంట్ మీద పనిచేస్తున్నాం. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సమ్. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయంలో కారెన్ స్క్రివెనర్ బృందం, క్యూబాలోని లాస్ విల్లాస్ విశ్వవిద్యాలయం, మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ కలిసి పైకి తెచ్చిన సిమెంట్ ఇది. కయోలిన్ (పింగాణీకి వాడే తెల్ల బంకమట్టి) ఉన్న మట్టిని 700–850 డిగ్రీల దగ్గర కాలిస్తే నీరు పోయి చురుకైన పదార్థం అవుతుంది. మట్టిలోంచి బయటికొచ్చేది నీటి ఆవిరే, కార్బన్ డయాక్సైడ్ కాదు. అది సున్నపురాయి పొడితో కూడా కలిసి చర్య జరుపుతుంది, అందుకే అంత క్లింకర్ తీసేసినా బలం నిలుస్తుంది. ఓపీసీతో పోలిస్తే 30–40 శాతం ఉద్గారాలు తగ్గుతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 18189 కూడా 2023లో వచ్చేసింది.

పింగాణీకి పనికొచ్చే తెల్లటి మట్టే కావాలని లేదు. కయోలిన్ 40 శాతం ఉన్నా చాలు. పింగాణీ క్వారీల్లో పనికిరాదని పక్కన పోసే గుట్టల్లో అలాంటిది చాలా ఉంటుంది. ఏలూరు జిల్లా ద్వారకా తిరుమల వైపు బాల్ క్లే గనులు ఉన్నాయి. మన పాత కట్టడాల్లో సున్నానికి సుర్కీ, అంటే కాల్చిన ఇటుక పొడి, కలిపేవాళ్లు. కాల్చిన మట్టి సున్నంతో కలిసి పట్టు ఇస్తుందని మన తాపీవాళ్లకి తరతరాలుగా తెలుసు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మట్టిలో ఇనుము ఉంటే సిమెంట్ ఎర్రగా వస్తుంది. కొనేవాళ్లు బూడిద రంగు కాకపోతే సిమెంటే కాదనుకుంటారు. చల్లార్చేటప్పుడు గాలి తగలకుండా చూస్తే రంగు సరిచేయొచ్చు, దానికి అదనపు ఏర్పాటు కావాలి. నీళ్లు ఎక్కువ అడుగుతుంది కాబట్టి తక్కువ నీళ్లతోనే జారుగా ఉంచే ప్లాస్టిసైజర్ మందు తప్పనిసరి.

ఆడిట్_హైదరాబాద్

మన్నికలో తేడా ఏమీ లేదా? క్లింకర్ తగ్గితే కాంక్రీట్‌లో సున్నం తగ్గి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ త్వరగా లోపలికి పోతుందనీ, ఇనుప చువ్వ తుప్పు పడుతుందనీ చదివాను. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు.

రీసెర్చ్_చెన్నై

నిజమే, దాచాల్సిన విషయం కాదు. కలిపిన సిమెంట్లన్నిటికీ మీరు చెప్పిన ఆ చర్య, అంటే కార్బొనేషన్, కొంత వేగంగా జరుగుతుంది, పీపీసీకీ అంతే. క్యూరింగ్ (నీళ్లతో తడపడం) సరిగా లేకపోతే మరీ వేగంగా. అందుకే ఐఎస్ 456 ఓపీసీకి 7 రోజులు నీళ్లు పెట్టమంటే, కలిపిన సిమెంట్లకి కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు పెట్టమంటుంది. చువ్వ మీద కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీట్ మందం, తగ్గకూడదు. కవర్ బ్లాకులు పెట్టకుండా రాళ్ల ముక్కలు పెట్టే సైట్లలో ఏ సిమెంట్ వాడినా తుప్పు తప్పదు.

సముద్రం ఒడ్డున లెక్క తిరగబడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటిచోట శత్రువు ఉప్పు. క్లోరైడ్ లోపలికి చొరబడకుండా ఆపడంలో స్లాగ్ సిమెంట్, ఎల్‌సీ3 రెండూ ఓపీసీ కంటే ఎంతో మెరుగు. తీరంలో 53 గ్రేడ్ ఓపీసీ ఒక్కదానితో కట్టడం కర్బనం పరంగా నష్టం, ఇంటి ఆయుష్షు పరంగా ఇంకా నష్టం.

ఓస్లో_తెలుగు

గ్యాస్‌ని పట్టుకుని దాచే దారి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెప్తాను. నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్లో సిమెంట్ ప్లాంట్ ఉంది, హైడెల్‌బర్గ్ మెటీరియల్స్ వాళ్లది. 2025 జూన్‌లో అక్కడ పూర్తి స్థాయి కార్బన్ పట్టే యూనిట్ ప్రారంభమైంది. సిమెంట్ రంగంలో ఇంత పెద్దది ప్రపంచంలో ఇదే మొదటిది. ఏటా 4 లక్షల టన్నులు, అంటే ఆ ప్లాంట్ ఉద్గారాల్లో సగం. పొగను అమైన్ అనే రసాయన ద్రావణంలోంచి పంపితే కార్బన్ డయాక్సైడ్ దానికి అంటుకుంటుంది. మళ్లీ వేడి చేసి విడదీసి, ద్రవంగా మార్చి, ఓడలో పడమటి తీరంలోని ఓయ్‌గార్డెన్‌కి పంపుతారు. అక్కడి నుంచి పైపులో ఉత్తర సముద్రం అడుగున 2600 మీటర్ల లోతుకి.

ఖర్చులో పెద్ద భాగం నార్వే ప్రభుత్వమే భరించింది. యర్రగుంట్లలోని జువారీ సిమెంట్ కూడా హైడెల్‌బర్గ్ గ్రూప్‌దే కదా, మేడమ్ ఊరికి ఆ రకంగా బ్రెవిక్‌తో చుట్టరికం ఉంది. సాధ్యమా అంటే సాధ్యమేనని బ్రెవిక్ చూపించింది.

కిల్న్_షిఫ్ట్

సాధ్యమే. కానీ బ్రెవిక్ సముద్రం ఒడ్డున ఉంది. మా ప్లాంట్ నుంచి రేవు ఎంత దూరమో చూడండి, ఆ తర్వాత గ్యాస్‌ని ఎక్కడ దింపాలో ఆలోచించండి. అమైన్‌ని మళ్లీ వేడి చేయడానికి ఆవిరి చాలా కావాలి. ఇప్పుడు కరెంటు తీస్తున్న వేస్ట్ హీటే దానికి మళ్లించాలి. ఆ కరెంటు మళ్లీ గ్రిడ్ నుంచి కొనాలి. మన దగ్గర 2025 మేలో కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ సిమెంట్ రంగంలో కార్బన్ పట్టి వాడుకునే 5 టెస్ట్‌బెడ్లు ప్రకటించింది, అవి ఇంకా ప్రయోగం దశలోనివి.

నా అభిప్రాయం ఇది. చివరికి మిగిలే క్లింకర్‌కి ఈ దారి తప్పదు. కానీ ఇప్పుడు 90 శాతం క్లింకర్ బస్తాలు అమ్ముకుంటూ, ఎప్పుడో గ్యాస్ పట్టుకుంటామని చెప్పడం నాకు నచ్చదు. ముందు క్లింకర్ సగానికి దించితే పట్టుకోవాల్సిన గ్యాసూ సగమే అవుతుంది, ఖర్చూ సగమే.

ఓస్లో_తెలుగు

అది ఒప్పుకుంటాను. కాకపోతే రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. బ్రెవిక్‌లో మొదటి అధ్యయనాల నుంచి ప్రారంభం దాకా ఎన్నో ఏళ్లు పట్టింది. క్లింకర్ దించేదాకా ఆగి అప్పుడు మొదలుపెడితే మన చేతికి ఎప్పటికో వస్తుంది. గోదావరి బేసిన్‌లో ఎక్కడ దాచొచ్చో సర్వేలు ఇప్పుడే జరగాలి.

కొత్తిల్లు_నంద్యాల

మొదటి నుంచి చదువుతున్నాను. మేం వచ్చే నెల పునాది తీస్తున్నాం, స్లాబ్ ఏప్రిల్–మేలో పడుతుంది. నల్లరేగడి నేల, బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. మేస్త్రి అంతా 53 గ్రేడే అన్నాడు. నేను ఏం అడగాలి? అగ్రిమెంట్‌లో ఏం రాయాలి?

సైట్_మీద_గుంటూరు

ముందు నీళ్ల శాంపిల్ టెస్ట్ చేయించండి. కలపడానికి ఉప్పు నీళ్లు పనికిరావు, ట్యాంకర్ తెప్పించుకోవాల్సి వస్తే ఇప్పుడే తెలియాలి. పునాది, ఫుటింగ్‌లకి స్లాగ్ సిమెంట్ దొరికితే అది, నేలలోని సల్ఫేట్లకి తట్టుకుంటుంది. దొరక్కపోతే పీపీసీ. స్తంభాలు, స్లాబ్, గోడ కట్టుబడి, ప్లాస్టరింగ్ అన్నీ పీపీసీ. బస్తా మీద ఐఎస్ఐ గుర్తు కింద ఐఎస్ నంబరు, తయారైన వారం, బూడిద శాతం చూడండి. మూడు నెలలు దాటిన బస్తా తీసుకోకండి. బస్తాలు కంపెనీ డీలరు దగ్గరే కొనండి. ఊరి చివర గోడౌన్‌లో బూడిద ఎక్కించి మళ్లీ కుట్టిన బస్తాలు మా సైట్‌కే ఒకసారి వచ్చాయి.

అగ్రిమెంట్‌లో సెంట్రింగ్ అద్దెను విడిగా రాయండి, స్లాబ్ జాకీలు 14 రోజులు అని. నీళ్లు పెట్టే పనికి విడిగా మనిషి, విడిగా కూలి అని రాయండి. మేస్త్రి లెక్కలో కలిపేస్తే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

తాపీ_మేస్త్రి_ఒంగోలు

మే నెల స్లాబ్ కాబట్టి ఒక మాట అమ్మా. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు పోయడం అయిపోవాలి. పోసిన సాయంత్రం నుంచే తడి గోనె పట్టాలు కప్పించండి. మర్నాడు స్లాబ్ మీద మట్టితో గట్లు వేసి, మడులు కట్టి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టించండి. మడులు కడితే పైపు పట్టుకుని ఎవరూ నిలబడక్కర్లేదు, ఇంకిన మేర పొద్దునా సాయంత్రం నింపితే చాలు. స్తంభాలకి మాత్రం గోనె చుట్టి తాడు కట్టించండి, అందరూ మరిచేది వాటినే. పధ్నాలుగు రోజులు గట్లు తీయనివ్వకండి.

కొత్తిల్లు_నంద్యాల

థ్యాంక్స్ అండీ. రేపు మేస్త్రితో కూర్చుంటున్నాం. అద్దె, క్యూరింగ్ కూలి విడిగా వేస్తే మొత్తం ఎంత తేడా వస్తుందో లెక్క చూసుకుని ఇక్కడ పెడతాను.